‘అయిందా?’ అని అడిగేవాడు

వాడు పోయిన కబురు మా కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా విప్పుకుని పెరుగన్నం తింటున్నాను. నరసన్నపేట దగ్గర హైవే మీద లారీ గుద్దిందని, అక్కడికక్కడే పోయాడని ఎవరో రాశారు. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. నేనూ ఒకటి పెట్టాను. పెట్టి మిగతా అన్నం తినేశాను. ఆవకాయ బద్ద కూడా వదల్లేదు. హాస్టల్లో నాలుగేళ్లు నా పక్క మంచం మీద పడుకున్నవాడు పోతే మనిషికి ఏదో ఒకటి అవ్వాలి కదా అని సాయంత్రం దాకా ఎదురుచూశాను. ఏమీ అవలేదు. బస్సులో సీటు దొరికితే కూర్చున్నాను. దిగాల్సిన చోట దిగాను.

పెద్దకర్మ రోజున వాళ్ల బట్టల కొట్టు ముందు బ్యాచ్ తరఫున ఫ్లెక్సీ కట్టాలని గ్రూపులో తీర్మానించారు. తీర్మానించిన వాళ్లందరూ హైదరాబాదులోనో బెంగుళూరులోనో ఉన్నారు. ఈ చుట్టుపక్కల మిగిలింది శృంగవరపుకోటలో ఉన్న నేనొక్కణ్నే కాబట్టి పని నా నెత్తిన పడింది. వాళ్ల నాన్నకి ఫోన్ చేసి, పేరు కింద ఏం రాయించమంటారని అడిగాను.

"నువ్వే సెప్పాల బాబూ," అన్నాడాయన. "కొట్లో ఏటి సేసీవోడో నాకు తెలుసు. సదువులో ఏటి సేసినాడో నాకిప్పటికీ తెల్దు. మీరిద్దరూ గోడౌన్లో కూకుని ఏటో సేసీవోరు కదా. అదేటో, అది రాయించీ."

చూస్తానండి అన్నాను. అది చెప్పడం ఎలాగో నాకూ తెలియలేదు.

ఫ్లెక్సీకి ఫోటో కావాలి. నా ఫోన్లో వాడి ఫోటోలు చాలానే ఉన్నాయి, కానీ ఒక్కదాన్లోనూ వాడు నోరు మూసుకుని లేడు. ప్రతిదాన్లోనూ ఏదో చెబుతూనే ఉన్నాడు. చెబుతూ ఎదుట ఏది ఉంటే దాన్ని అరచేత్తో సాపు చేస్తూ ఉంటాడు. అది వాడి అలవాటు. మాట మొదలెట్టే ముందు దుప్పటి గానీ, పేపరు గానీ, మెస్సులో బల్ల గానీ, గుడ్డ తాను పరిచినట్టు ఒకసారి అటునుంచి ఇటు నిమరాలి. మనిషి ఎదురుపడితే ముందు ముఖం చూసేవాడు కాదు, చొక్కా కాలరు రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. "కాటనని సెప్పినాడేటి బావా? సగమే కాటను," అనేవాడు. ఒకసారి మా ప్రాజెక్టు గైడ్ సార్ కాలరు దాకా చెయ్యి వెళ్లి, చివరి క్షణంలో వెనక్కి వచ్చింది. సార్ తన మీద దోమ వాలిందనుకున్నారు.

ఇంకో అలవాటు, వాడి నోట ‘లేదు’ అన్న మాట రాదు. బట్టల కొట్టు ఇంట్లో పుట్టాడు. గల్లాపెట్టె దగ్గర ఆ మాట అనకూడదని చిన్నప్పుడు వీపు మీద నేర్పారట. అడిగిన రంగు కొట్లో లేకపోతే ‘రేపొస్తాది’ అనాలి. వాడు దాన్ని ఊళ్లో అన్నిటికీ వాడేవాడు. మెస్సులో పప్పు అయిపోతే రేపొస్తాది. హాస్టల్లో నీళ్లు రాకపోతే రేపొస్తాది. గణితంలో తప్పినప్పుడు కూడా బోర్డు మీద తన నంబరు వెతుక్కుని, అది కనబడకపోతే, నా భుజం తట్టి "రేపొస్తాది బావా" అన్నాడు. ఆ సబ్జెక్టు నేను పాసయ్యాను. భుజం మాత్రం నాదే తట్టాడు.

ఫైనలియర్లో ప్రాజెక్టు చెయ్యాలి. మా బ్యాచ్‌లో చాలామంది విశాఖపట్నం వెళ్లి, అట్టతో సహా రెడీగా ఉన్నదాన్ని తెచ్చుకున్నారు. మనమూ వెళ్దామా అంటే వాడు ఒప్పుకోలేదు.

"రెడీమేడంటే మా నాన్నకి గిట్టదు బావా. మాది తానుల కొట్టు."

అప్పటికే వాడికి ఒక పిచ్చి పట్టి ఉంది. బొమ్మలు, బ్యానర్లు గీసుకునే ఒక సాఫ్ట్‌వేర్ దొరికింది. దాన్ని దేశదేశాల్లో ఎవరెవరో ఊరికే రాసి, ఊరికే ఇచ్చేస్తారు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ తెరిచి తమకు తగ్గట్టు మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే. దాంతో వాడు కొట్టుకి దసరా డిస్కౌంట్ బ్యానరు చేసి, ఇంత మంచి సరుకు ఊరికే ఇవ్వడమేమిటని రెండు మూడు రోజులు నిద్రపోలేదు. వ్యాపారస్తుడి బిడ్డ కదా, మనసు ఒప్పలేదు. దానికి ఇంగ్లీషులో పాఠాలు బోలెడున్నాయి, తెలుగులో ఒక్కటీ లేదు. తెలుగులో వీడియో పాఠాలు చేస్తామని ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు మెయిల్ రాశాం. సంతోషం, చేయండి అన్నారు. అదే మా ప్రాజెక్టు అని డిపార్ట్‌మెంటుకి కాగితం పెట్టాం.

"కోడ్ లేని ప్రాజెక్టు ఏమిటయ్యా?" అన్నారు గైడ్ సార్. నెల్లాళ్లు తిప్పుకుని, మేము విసిగించడం మానకపోయేసరికి సంతకం పెట్టారు. పెడుతూ ఒక షరతు పెట్టారు. "మీరు మాట్లాడుకునే ఆ భాష మాత్రం వద్దు. ఏటి, సూడు అంటే బయటివాళ్లు నవ్వుతారు. టీవీలో వార్తలు చదివినట్టు ఉండాలి."

పాఠం రాయడం, రికార్డయ్యాక అతుకులు వెయ్యడం నా పని. గొంతు వాడిది. హాస్టల్ గదిలో మాట ప్రతిధ్వనిస్తుంటే, నరసన్నపేటలో వాళ్ల కొట్టు వెనక గోడౌన్‌కి తీసుకెళ్లాడు. చుట్టూ నిలువెత్తు గుడ్డ బేళ్లు. అక్కడ మాట్లాడితే ధ్వని ఎక్కడికీ పోదు, గుడ్డే తాగేస్తుంది. కొత్త గుడ్డ గంజి వాసన, ఫ్యాను ఆపేస్తే ఉక్క. చొక్కాలు విప్పేసి, నా లాప్‌టాప్‌ని ఒక బేలు మీద పెట్టి, హెడ్‌ఫోన్ మైకుకి మల్లుగుడ్డ ముక్క చుట్టి మొదలుపెట్టాం.

"ముందుగా ఎడమవైపున గల పనిముట్ల వరుసను గమనించగలరు," అని వాడు నేను రాసింది చదివాడు. బండి ఆలస్యానికి చింతిస్తున్నామని స్టేషన్లో చెప్పినట్టుంది. మళ్లీ చదివాడు. ఇంకా అధ్వాన్నంగా వచ్చింది. కాగితం కింద పెట్టేశాడు.

"బావా, నానిది ఎవల్తో సెప్తన్నాను?"

"స్టూడెంట్లతో."

"ఎలగుంటాడాడు? కూకున్నాడా, నిల్సున్నాడా?"

నాకేం తెలుసు, అన్నాను.

"కొట్లో అయితే మనిసి ఎదురుంటాడు. ఆడి సేతిలో గుడ్డ పెడతాను. ఆడు నలిపి, ఎలుగులో పట్టి సూసుకున్నదాకా నోరు మూసుకుంటాను. మజ్జిలో మాటాడితే బేరం పోతాది."

అని, బేలు మీది గుడ్డని అరచేత్తో ఒకసారి సాపు చేసి, తెర కేసి చూసి, కాగితం లేకుండా మొదలెట్టాడు. "రండి, కూకోండి. ఎడం పక్క సూడండి. నల్ల బాణం ఒకటి ఉన్నాది కదా, దాన్ని నొక్కీండి." ఆగాడు. "అయిందా? కంగారొద్దు. నానుంటాను."

నిజంగానే ఉన్నాడు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎదుట ఎవడో వెతుక్కుంటున్నట్టు, ఆ మనిషి చెయ్యి బాణం దాకా వెళ్తున్నట్టు తెరని చూస్తూ కూర్చున్నాడు. నా హెడ్‌ఫోన్లో చడీచప్పుడూ లేదు. చాలాసేపయ్యాక, "ఆఁ. అయితే పదండి," అన్నాడు.

ఆ ఖాళీలు కత్తిరించేస్తానన్నాను. ఒప్పుకోలేదు. కావలసినవాడు వీడియో ఆపుకుంటాడు కదా, దానికో బటన్ ఉంది కదా అన్నాను.

"కొత్తోడికి సేతిలో మౌసున్నప్పుడు ఇంకో బటను కనబడదు బావా."

"ఇంతకీ అయిందని నీకు ఎవడు చెబుతాడు?"

"ఎవడో ఒకడు అంటాడు. మనకినబడదు, అంతే."

ఒకరోజు రికార్డింగు మధ్యలో షట్టరు సగం లేచింది. వాళ్ల నాన్న వంగి లోపలికి చూశాడు.

"ఎవల్తో మాటాడతన్నావురా?"

"తెల్దు నాన్నా."

"ఏటమ్ముతున్నావు?"

"ఊరికినే ఇచ్చేస్తన్నాను."

షట్టరు దిగిపోయింది. కాసేపటికి మళ్లీ లేచింది. ఈసారి నన్ను చూసి, "బాబూ, నువ్వైనా సెప్పు. ఇంజినీరింగంటే ఇదేనేటి?" అన్నాడు. అవునండి అన్నాను. ఆయన నమ్మలేదు కానీ మా ఇద్దరికీ గోళీసోడాలు పంపించాడు. ఆ పాఠంలో ఒకచోట సోడా కొట్టిన చప్పుడు ఇప్పటికీ ఉంది.

వైవా రోజు బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మొదటి పాఠం ప్రొజెక్టరు మీద చూశారు. "అయిందా? కంగారొద్దు. నానుంటాను," అని తెర మీది గొంతు ఆగింది. ల్యాబంతా ఆగింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, "సిస్టమ్ హ్యాంగయిందా?" అన్నారు.

గైడ్ సార్ కంగారుపడి, "లేదు సార్, ఉన్నాడు సార్," అన్నారు.

"ఆఁ. అయితే పదండి," అంది గొంతు. వెనక బెంచీల వాళ్లు గొల్లుమన్నారు.

"ఇంతకీ ఇందులో కోడ్ ఏదయ్యా?" అని ఆయన అడిగారు. మావాడు బల్లని అరచేత్తో నిమిరి, కొట్లో అన్నట్టే, "రేపొస్తాది సార్," అన్నాడు. కావాలని అనలేదు, నోటికి అదే వచ్చింది. ఆయన మాత్రం వెటకారమనుకున్నారు. ఫెయిల్ చెయ్యలేదు, అంతవరకే దయ. బయటికొచ్చాక వాడు నవ్వీ నవ్వీ వెక్కిళ్లు తెచ్చుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడి మీద కోపం కూడా వచ్చింది. ఆ కోపమైనా ఇప్పుడు మళ్లీ వస్తే బాగుండును.

పాఠాలు నెట్‌లోకి ఎక్కాయి. మాట వినబడని వాళ్లకోసం కింద అక్షరాలు కూడా వెయ్యాలని సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కడో ఉన్న ఒక తెలుగాయన చేత రాయించారు. ఆయనెవరో మాకు తెలీదు, మా యాస ఆయనకు తెలీదు. ‘చేసెయ్యండి’ అనడానికి మా వైపు ‘సేసీండి’ అంటాం. మావాడు "పక్కకి సేసీండి", "పెద్దది సేసీండి" అన్నచోటల్లా ఆయన "సేవ్ చేయండి" అని రాసుకుంటూ పోయాడు. కింద అక్షరాలు చదువుకుని నేర్చుకునేవాడు గీతకోసారి, రంగుకోసారి ఫైలు సేవ్ చేసుకుంటూ కూర్చోవాలి. దిద్దించాలని మెయిల్ రాయబోతుంటే వాడే ఆపాడు.

"ఉండనీ బావా. మన కరెంటుకి అడుగడుక్కీ సేవ్ సేసుకోడం మంచిదే."

అలా ఉండిపోయింది.

తర్వాత నేను ఉద్యోగానికి, వాడు కొట్లోకి. వాడు దాన్ని పెద్ద బాధగా ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఎప్పుడు ఫోన్ చేసినా బాగున్నావా అనేవాడు కాదు. "ఎవలైనా సూత్తన్నారేటి?" అనేవాడు. ఆ వీడియోల లెక్క తెలిసే అకౌంటు నా దగ్గర ఉంది. పెద్దగా ఎవరూ చూడలేదు. కామెంట్లలో ఒకడు వేరే కొనుక్కునే సాఫ్ట్‌వేర్ పేరు రాసి, దాని దొంగకాపీకి క్రాక్ లింకు పెట్టు బ్రో అని అడిగాడు. అదే చదివి చెబితే, "బేరానికి వచ్చినాడు కదా, రేపు కొంటాడు," అన్నాడు.

ఆఖరిసారి చూసింది వాళ్ల కొట్లోనే. ప్యాంటు గుడ్డ కోసం వెళ్లాను. నాకంటే ముందు ఒక ముసలాయన పంచె చూసుకుంటున్నాడు. మావాడు పంచె అంచు ఆయన చేతిలో పెట్టి, రెండు చేతులూ బల్ల మీద ఆనించి, నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆయన తాపీగా తిప్పి తిప్పి చూసుకున్నాడు. "అయిందా తాతా? కంగారొద్దు," అన్నాడు మావాడు. గోడౌన్లో అన్నట్టే అన్నాడు. ముసలాయన వెళ్లాక నా గుడ్డ కొలుస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"మన పాఠాలు మొదట్నించి ఆకరుదాకా సేసినోడు ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఉన్నాడని తెలిస్తే సాలు బావా. ఉంటాడంటావా?"

"రేపొస్తాది," అన్నాను, వాడి మాట వాడికే.

నవ్వాడు. గుడ్డ ఒక జానెడు ఎక్కువే చింపాడు.

ఇదంతా నేను ఫ్లెక్సీ కొట్లో బెంచీ మీద కూర్చుని తలుచుకున్నాను. తలుచుకున్నానంటే, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, పోయాయి. ఏదీ తగల్లేదు. కొట్టు అరకు వెళ్లే రోడ్డు మీద ఉంది. నడిపే ఆయనకి యాభై దాటి ఉంటాయి. గోడ మీద ఇంకా ఆయన కుంచెతో రాసిన పాత బోర్డొకటి వేలాడుతోంది. లోపల ప్రింటింగ్ మిషను గరగరలాడుతూ ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ బయటికి తోస్తోంది.

"నోరు మూసుకున్న పోటో ఏదీ నేదేటి బాబూ?"

"లేదండి."

"పర్వానేదు," అని, వాడి ముఖం చుట్టూ మెల్లగా గీత తీసుకుంటూ కత్తిరించాడు. వెనక హాస్టల్ గోడ పోయింది, నా భుజం పోయింది. వాడొక్కడే మిగిలాడు, నోరు తెరుచుకుని. ఆయన సేవ్ నొక్కాడు. పేరు రాశాడు. సేవ్ నొక్కాడు. దీపం బొమ్మ పెట్టాడు. మళ్లీ సేవ్.

"పేరు కింద ఏటి ఎయ్యమంటారు? బీటెక్ అనా, వస్త్రవ్యాపారి అనా?"

"కొంచెం ఆగండి. ఆలోచించి చెబుతాను," అన్నాను. ఆలోచించడానికేమీ రాలేదు. ఊరికే అడిగాను, "మాటిమాటికీ సేవ్ ఎందుకండీ?"

"అలగే నేర్సుకున్నాను. మా మాస్టారు అడుగడుక్కీ సేవ్ సేయమనీవోడు."

తెర మీద ఉన్నది మేం పాఠాలు చేసిన సాఫ్ట్‌వేరే, అప్పటికీ నాకు తట్టలేదు. ఆయన దండ బొమ్మ తెచ్చి ఫోటోకి వెయ్యబోయాడు. కంప్యూటరు పాతది, దండ పెద్దది. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉండిపోయింది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఆ తిరిగేదాన్ని చూస్తూ, తనలో తను అన్నాడు.

"అయిందా? కంగారొద్దు. నానుంటాను."

బెంచీ మీంచి లేచాను.

"ఏమన్నారు?"

"ఏటీ నేదు బాబూ, అలవాటైపోనాది," అని నవ్వాడు. "కుంచె పని పడిపోనాక కంప్యూటర్ నేర్సుకుందారని ఒకసోట సేరినాను. ఆలు గబగబా నొక్కీసి అయిపోనాదనీవోరు. నాకేటీ తెలిసీది కాదు. తర్వాత నెట్టులో ఈ మాస్టారి పాఠాలు దొరికినాయి. ఇంటికాడ గొంతు ఇనీవోడిని. ఇక్కడ మిషను సప్పుడుకి ఇనబడదు, కింద అచ్చరాలు సదువుకునీవోడిని. మనలాగే మాటాడతాడు. మనకోసం ఆగుతాడు. అయిందా అనడిగితే, ఎవలూ నేకుండా సూసి, అయింది మాస్టారూ అనీవోడిని."

"మొదటి నుంచి ఆఖరు దాకా చేశారా?"

"ఒక్కటొగ్గితే ఒట్టు. ఆకర్న పెల్లికార్డు పాఠం కూడా సేసినాను. ఈ కొట్టు దాని మీదే కదా నడస్తన్నాది."

నేను తెర వైపు చూపించాను. "ఆ మాస్టారు ఇతనేనండి," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తెరని చూశాడు. మౌసు మీంచి చెయ్యి తీసేశాడు.

"ఇంత సిన్నోడా?" అన్నాడు. "నానెవలో పెద్దాయననుకున్నాను."

మధ్యలో మాట్లాడకూడదని నాకు తెలుసు. మిషను గరగరలాడుతూనే ఉంది. దండ వచ్చి వాడి మెడలో పడింది. ఆ రోజు పెరుగన్నం దగ్గర రావలసిన ఏడుపు అప్పుడొచ్చింది. తుడుచుకోలేదు.

చాలాసేపటికి ఆయన ముందుకు జరిగి, పేరు కింది ఖాళీలో, నన్ను అడక్కుండానే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ‘మాస్టారు’ అని కొట్టాడు. సేవ్ నొక్కాడు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరుచుకుని ఉన్న వాడి ముఖం కేసి చూశాడు.

"అయిపోనాది మాస్టారూ," అన్నాడు.